మొదటి కిటికీ, రెండో కిటికీ

నా ఫోన్ అద్దం పగిలిన రోజే నాకు ఆ డబ్బా పరిచయమైంది.

మా కంపెనీ బస్సు రోజూ పొద్దున్నే సౌదీలో ఖోబర్‌లోని అల్ అజీజియా నుంచి రాస్ తనూరాలో సైటుకి వెళ్తుంది. గంటకు పైగా ప్రయాణం. ఆ గంటసేపూ నేను తల ఎత్తను. హైదరాబాద్ మెట్రోలో ఎలా కూర్చునేవాణ్నో ఇక్కడా అలాగే కూర్చుంటాను, మెడ వంచి, బొటనవేలు ఆడిస్తూ. ఆ రోజు డ్రైవర్ ఉన్నట్టుండి బ్రేకు తొక్కాడు. ఫోన్ చేతిలోంచి జారి మెట్ల దాకా దొర్లింది. తల ఎత్తి చూస్తే ఎదుట రోడ్డు ఖాళీగా ఉంది. ఎంతో దూరంలో ఒక ట్యాంకర్ దాని మానాన అది పోతోంది.

నాకు కోపం రావడానికి కారణం అక్కర్లేదు. ఆ రోజు కారణం కూడా దొరికింది. బస్సులో అందరూ ఆయన్ని చాచా అంటారు. కడప మనిషి, యాభై దాటిన వయసు, తెల్ల గడ్డం, ఇస్త్రీ చొక్కా. నేను మాత్రం వయసూ గడ్డమూ చూడలేదు. "ఏంది చాచా, కండ్లు గిట్ట కనిపిస్తలేవా" అని బస్సంతా వినేలా అరిచాను. ఆయన వెనక్కి తిరిగి నన్ను ఒకసారి చూశాడు. మిగతా దారంతా నేను పగిలిన అద్దం మీద వేలు తెగకుండా స్క్రోల్ చేసుకుంటూ కూర్చున్నాను.

మధ్యాహ్నం అన్నం టైముకి ఆయనే నా దగ్గరికి వచ్చాడు. నేను ఆఫీసు కంటెయినర్ నీడలో కూర్చుని ఉన్నాను. నా పని డాక్యుమెంట్ కంట్రోల్, అంటే డ్రాయింగులకు నంబర్లు వేసి, ఎక్కడివి అక్కడ పెట్టడం. ఆయన చేతిలో నల్లటి డబ్బా ఒకటి ఉంది. ముందువైపు బైనాక్యులర్‌కి ఉన్నట్టు రెండు కంటి అద్దాలు, పైన అట్టముక్క దూర్చే సందు, పక్కన చిన్న బటన్. "తిట్టినావు గదా, ఇప్పుడు ఇది చూడు" అని నా చేతిలో పెట్టాడు.

కళ్ళ దగ్గర పెట్టుకుని బటన్ నొక్కాను. లోపల దీపం వెలిగింది.

ఆ తర్వాత జరిగింది చెప్పడం నాకిప్పటికీ సరిగా రాదు. ఖర్జూరపు తోట అది. ఒక మనిషి నడుముకి తాడు కట్టుకుని చెట్టు మీద ఉన్నాడు. ఫొటో అనుకుని చూశాను గానీ, అది ఫొటో కాదు. ఆ తాడుకీ చెట్టు బోదెకీ మధ్య గాలి ఉంది. ఒక మట్ట కొస నా ముక్కు దాకా వచ్చి ఆగింది. దాని వెనక గెలలు, గెలల వెనక ఆ మనిషి చెమట పట్టిన మెడ, ఆ వెనక ఇంకో చెట్టు, ఇంకా లోపల ఎక్కడో గోడ, గోడ మీద ఎండ. ఒకదాని వెనక ఒకటి, నడిచి పోవచ్చు అన్నంత ఖాళీ. తలని కాస్త పక్కకు వంచితే మట్ట వెనకున్నది కనబడుతుందేమో అనిపించి నిజంగానే వంచాను. ఇంకో చేయి నాకు తెలియకుండానే ముందుకు పోయింది, ఆ మట్టని పక్కకి తొయ్యడానికి.

డబ్బా దించి చూస్తే నా చేయి గాల్లో ఉంది. చాచా ఆ చేతినే చూస్తున్నాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

నా ఫోన్‌లో వేల ఫొటోలు ఉన్నాయి. ఒక్కదాన్ని కూడా నేను ముట్టుకోబోలేదు.

ఆ రోజు నుంచి అన్నం టైములో ఆయన దగ్గరే కూర్చునేవాణ్ని. స్లైడ్ అంటే అట్ట చట్రంలో రెండు చిన్న కిటికీలు, ఒక్కో కిటికీలో వేలిగోరు కంటే కాస్త పెద్ద ఫిల్ము ముక్క. రెండింటిలో ఉన్నది ఒకే బొమ్మ అనిపిస్తుంది, కానీ కాదు. ఒకటి ఎడమ కన్ను చూసేది, రెండోది కుడి కన్ను చూసేది. కలిపేది మన తలకాయ. చాచా ఖోబర్ రాకముందు చాలా ఏళ్ళు ఉనైజాలో ఖర్జూరం తోటల బండి నడిపాడట. అక్కడి ముసలి కఫీల్‌కి, అంటే ఆయనకి వీసా ఇచ్చిన యజమానికి, ఇదొక పిచ్చి. రెండు లెన్సులున్న పాత ఇనుప కెమెరా, ఈ డబ్బా, ఖాళీ చట్రాలు చాచా చేతిలో పెట్టి, నా కొడుకులకి దీని విలువ తెలియదు, నువ్వు ఉంచుకో అన్నాడట.

రెండు వారాల తర్వాత ఒకరోజు చాచా అసలు సంగతి చెప్పాడు. ఆయన కొన్నాళ్ళుగా ఈ స్లైడ్లు చూస్తుంటే అవి బల్లపరుపుగా కనిపిస్తున్నాయి. తోట లేదు, గాలి లేదు, గోడకి అంటించిన క్యాలెండరులా ఉన్నాయి. రోడ్డు మీద కూడా ముందు బండి ఎంత దూరంలో ఉందో అంచనా తప్పుతోంది.

"డబ్బా చెడిందా, నా కన్ను చెడిందా తెల్సుకోవాలని ఆ పొద్దు నీకిచ్చినా" అన్నాడు. "నువ్వు చెయ్యి చాపినావు జూడు. అప్పుడే తెల్సిపోయింది నాకు."

నేను బస్సులో అన్న మాట గుర్తొచ్చింది. కండ్లు కనిపిస్తలేవా. క్షమించమని అడగడం నాకు చేతకాదు. "మరి డాక్టర్ దగ్గరికి ఎందుకు పోలేదు, గిన్ని దినాలు మమ్మల్నందర్ని బస్సుల ఎట్ల తిప్పినవ్" అని మళ్ళీ కోప్పడ్డాను. ఆయన మరుసటి రోజు వెళ్ళాడు. నేనే తీసుకెళ్ళాను.

కుడి కంటి లోపలి తెర నడిమధ్యలో సన్నటి రంధ్రం పడిందని డాక్టర్ చెప్పాడు. నాలుగు వారాల్లో ఆపరేషన్. రంధ్రం మూసుకోవచ్చు, మూసుకోకపోవచ్చు. మూసుకున్నా ఆ కన్ను మళ్ళీ రెండో కంటితో కలిసి చూస్తుందా అన్నది ముందుగా చెప్పలేనన్నాడు. కంపెనీ ఆ వారమే చాచాని బస్సు దించి, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో ఏ బండి తాళం ఎవరు తీసుకున్నారో రాసే కుర్చీలో కూర్చోబెట్టింది. ఆపరేషన్ తర్వాత రెండు కళ్ళూ సరిగ్గా పనిచేస్తున్నాయని ఆస్పత్రి కాగితం తెస్తే స్టీరింగ్. తేలేకపోతే ఫైనల్ ఎగ్జిట్, అంటే వీసా రద్దు చేసి ఇంటికి పంపేయడమే. బస్సుకి కొత్త డ్రైవర్ వచ్చాడు, బంగ్లాదేశ్ అతను. మంచివాడే. నేను మాత్రం అతనితో వారం రోజులు మాట్లాడలేదు.

చాచాకి ఆస్పత్రి కాగితం మీద కంటే డబ్బా మీద నమ్మకం ఎక్కువ. కన్ను పోయిందని డాక్టర్ కంటే ముందు చెప్పింది అదే కదా. తిరిగొస్తే కూడా అదే చెప్పాలి అన్నాడు. కానీ పాత స్లైడ్లు పనికిరావట. ఏ మట్ట ఎక్కడుందో, ఏది ముందో ఏది వెనకో ఆయనకి కంఠతా వచ్చు. కన్ను చూడకపోయినా మనసు నింపేస్తుంది. అందుకని కొత్త రీలు కావాలి. ఆయన ఎన్నడూ చూడని చోట్లు కావాలి.

"నువ్వు తియ్యాల" అన్నాడు. "యాడ తీసినావో నాకు జెప్పగాకు."

ఇలా ఒక మనిషి రెండు కళ్ళూ కలిశాయా లేదా అని తేల్చే పని, ఫోన్‌లో ఫిల్టర్లు మార్చడం తప్ప ఏమీ తెలియని నా మీద పడింది.

ముందు కెమెరా తేల్చాలి. ఫోన్‌తోనే అవుతుందని నేను వాదించాను. ఒకే బొమ్మ నుంచి లోతు పుట్టించే యాప్ దించి చూపించాను కూడా. ఆయన డబ్బాని పక్కన పెట్టి, యాప్ బొమ్మని ఎడమ కంటితో ఓపిగ్గా చూశాడు. అది చూసింది కాదు, ఊహించింది అన్నాడు. నాకు ఊహ వద్దు, నా తలకాయలోనే చాలా ఉంది అన్నాడు. అక్కడే ఆ యాప్‌ని తీసేశాను.

ఇంకో దారి ఒకే కెమెరాని పట్టీ మీద పెట్టి, ఒకటి తీసి, రెండున్నర అంగుళాలు పక్కకు జరిపి ఇంకోటి తీయడం. రాళ్ళకీ గోడలకీ సరే. ఖోబర్ గాలిలో ఆకు ఆగదు, ఆరేసిన చొక్కా ఆగదు. రెండు బొమ్మల మధ్య ఆకు కదిలితే డబ్బాలో అది దెయ్యంలా వణుకుతుంది. మూడో దారి ఒకే రకం చిన్న కెమెరాలు రెండు పక్కపక్కన బిగించి రెండు చేతులతో ఒకేసారి నొక్కడం. నొక్కి చూశాను. నా రెండు బొటనవేళ్ళు ఫోన్ మీద ఎంత వేగమైనా, ఒకేసారి అంటే ఒకేసారి దిగవని ఆ రోజు తెలిసింది.

చివరికి పాత ఇనుప కెమెరానే మిగిలింది. దానికో జబ్బు ఉంది. కుడి లెన్సు తలుపు బద్ధకంగా మూసుకుంటుందని చాచాకి అనుమానం. దాన్ని తెల్ల గోడ ఎదుట పెట్టి, వీపు తెరిచి, నా ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీశాను. నెమ్మది స్పీడులన్నిట్లో కుడిది వెనకబడుతోంది. సెకనులో వందో వంతు దగ్గర మాత్రం రెండూ కలిసి తెరుచుకుని కలిసి మూసుకున్నాయి, రెక్కల్లాగా. పగిలిన అద్దం మీద ఆ వీడియోని ఎన్నిసార్లు చూశానో. డెబ్బై ఏళ్ళ కిందటి ఇనుము, అంత సన్నటి క్షణంలో, ఇంకా మాట తప్పలేదు. చాచా నా ఫోన్ వైపు మొదటిసారి గౌరవంగా చూశాడు.

"పనికొచ్చింది లేప్పా ఇది గూడా" అన్నాడు.

వందో వంతు ఒక్కటే నమ్మాలంటే ఫిల్ము కూడా దానికి తగ్గది కావాలి. ఇక్కడ నేను ఎన్ని రాత్రులు ఇంటర్నెట్‌లో ఫోరమ్‌లు చదివానో లెక్కలేదు. నాలుగు వందల స్పీడు ఫిల్ము ఈ ఎండకి మరీ ఎక్కువ, వెలిసిపోతుంది. పైగా దాని గరుకు. మామూలు ఫొటోలో గరుకు కంటికి ఆనదు. డబ్బాలో మాత్రం రెండు కళ్ళకి రెండు రకాల గరుకు తగిలి, ఆకాశమంతా ఇసుక ఎగురుతున్నట్టు ఉంటుంది. యాభై స్పీడుది పట్టులా నున్నగా ఉంటుంది, కానీ లెన్సు కన్ను ఇంకాస్త తెరవాలి. తెరిస్తే దగ్గరిది గానీ దూరానిది గానీ మసకబారుతుంది. మాకు ఏడెనిమిది అడుగుల దూరంలో మట్ట నుంచి మైలు దూరంలో మినార్ దాకా అన్నీ కత్తిలా ఉండాలి, మసక ఉంటే అది ఫిల్ముదా కంటిదా ఎలా తెలుస్తుంది. వంద స్పీడు, లెన్సు దాదాపు మూసినంత చిన్న రంధ్రం, నెత్తిన ఎండ. లెక్క అక్కడ కుదిరింది. వందలో కూడా రెండు రకాలున్నాయి. ఒకటి రంగుల్ని పొంగించేది, దాంట్లో ఇసుక నారింజ రంగుకి, మనుషుల మొహాలు ఎర్రగా కాలినట్టు మారతాయి. ఇంకోటి ఉన్నదున్నట్టు చూపేది. చాచా ఏమీ ఆలోచించకుండా రెండోది అన్నాడు.

ఖోబర్‌లో ఒక పాత ఫొటో దుకాణంలో అడిగితే, అద్దాల అల్మరాలో ఎండకి కాగుతున్న రీలు తీసి ఇచ్చాడు కేరళ అన్న. దాని డబ్బా రంగే వెలిసిపోయింది. ఇది ఉడికిపోయిందని నేను గొడవకి దిగాను. ఆయన కూడా తగ్గలేదు, హిందీలో నాలుగు అన్నాడు. బయటికి వచ్చేశాను. ఆయన వెనకాలే వచ్చి, చెప్పు తమ్ముడూ, దేనికి నీకు అని అడిగాడు. చెప్పాను. లోపలికి తీసుకెళ్ళి తన చిన్న ఫ్రిజ్ తెరిచాడు. మజ్జిగ సీసాకీ అన్నం డబ్బాకీ వెనక, ప్లాస్టిక్ కవర్లో ఒకే ఒక్క రీలు. గడువు తేదీకి ఇంకా మూడు నెలలుంది. తన కోసం దాచుకున్నాడట. ఆ క్షణంలో నాకు తిట్టిన నోరు కడుక్కోవాలనిపించింది.

చాచా నేర్పిన సూత్రం ఒక్కటే. అన్నిటికంటే దగ్గరి వస్తువు ఏడడుగుల కంటే దగ్గరగా ఉండకూడదు, ఉంటే కళ్ళు లాగుతాయి. మధ్యలో ఒకటి, దూరంగా ఒకటి ఉండాలి. ప్రతిసారీ నేను నేల మీద ఏడడుగులు కొలిచి నిలబడుతుంటే ఒకతను పెళ్ళా అని అడిగాడు, మన వైజాగ్ అతనే. ఒక రీలుకి ముప్పై జతలు కూడా రావు. ఫోన్‌లో ఒక చాయ్ గ్లాసుకే నేను ముప్పై తీస్తాను. ఇక్కడ నొక్కాక చూసుకోవడానికి వెనక తెర లేదు, నల్లటి ఇనుము తప్ప. మొదటి రోజు నొక్కిన ప్రతిసారీ కెమెరాని తిప్పి వీపు చూశాను, అలవాటు కొద్దీ.

మూడు శుక్రవారాలు తిరిగాను. మా బిల్డింగ్ డాబా మీద ఆరేసిన బట్టల వరసలు, వాటి సందుల్లోంచి నీళ్ళ ట్యాంకులు, ఆ వెనక ఆకాశం. ఇసుక మైదానంలో క్రికెట్ వికెట్లు, వాటి వెనక ఎప్పటికీ ముగియని పిచ్. తీరంలో మోకాళ్ళ లోతు నీళ్ళలో వల విప్పుతున్న మనిషి. ఒకసారి కెమెరా ఎత్తకుండా ఊరికే నిలబడ్డాను. ఏడడుగుల దూరంలో తుమ్మ కొమ్మ, దానికి చిక్కుకున్న ప్లాస్టిక్ కవర్, దాని వెనక ఖాళీ నేల, ఖాళీ నేల వెనక సముద్రం. ఇవన్నీ ఇన్నాళ్ళూ ఇలా ఒకదాని వెనక ఒకటి నిలబడే ఉన్నాయా అని ఒళ్ళు జలదరించింది. రెండు కళ్ళు పెట్టుకుని ఇరవై ఆరేళ్ళు నేను చూసింది అరచేతిలో అద్దం ముక్కనే. ఒక కన్ను మూసి, తెరిచి, మూసి, తెరిచి చూశాను. తెరిచిన ప్రతిసారీ లోకం వెనక్కి జరిగి నాకు చోటు ఇచ్చింది.

చివరి జత నేను అనుకుని తీసింది కాదు. ఆపరేషన్‌కి ముందురోజు అన్నం టైములో చాచా కనిపించలేదు. వెతికితే పార్కింగ్‌లో ఖాళీ బస్సులో ఉన్నాడు. ఇంజన్ ఆపి ఉంది. డ్రైవర్ సీట్లో కూర్చుని, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి, ఎదుటి గోడని చూస్తున్నాడు. నేను తెరిచి ఉన్న తలుపు బయట నిలబడి ఉన్నాను. అప్రయత్నంగానే ఏడడుగులు వెనక్కి వేసి, భుజాన ఉన్న కెమెరా ఎత్తి నొక్కి, ఆయనకి తెలియకుండా వచ్చేశాను.

ఆపరేషన్ అయింది. కంట్లో గ్యాసు బుడగ పెట్టి, వారం రోజులు బోర్లా పడుకోమన్నారు. చీపురు పుల్ల కూడా విరవనివ్వకుండా రూమ్ వాళ్ళు చూసుకున్నారు. ఆ బుడగ కరిగేదాకా చూపు నీళ్ళలోంచి చూసినట్టే ఉంటుంది. ఈలోగా రీలు ముంబై వెళ్ళింది. ఇక్కడ స్లైడ్ ఫిల్ము కడిగేవాళ్ళు మాకు దొరకలేదు. సెలవు మీద వెళ్తున్న మా ఆఫీసు అతను ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌రే మిషన్‌లో పెట్టకుండా చేత్తో చూపించి తీసుకెళ్ళాడు, కడిగించి, ముక్కలు కొయ్యనివ్వకుండా చుట్ట చుట్టి తెచ్చాడు.

కోసి చట్రాల్లో పెట్టాల్సింది నేనే. చాచాకి ఇంకా సన్నటి పని కనిపించదు. ఎలా చెయ్యాలో ఆపరేషన్‌కి ముందే ఒక కాగితం మీద తెలుగులో రాసిచ్చాడు. జతలో రెండు ముక్కలూ పక్కపక్కన ఉండవు, మధ్యలో రెండు వదిలి మూడోదాన్ని పట్టుకోవాలి. "అంకెలు పెరిగే దిక్కు జూడు. జతలో ముందరది మొదటి కిటికీలో, వెనకది రెండో కిటికీలో." అంతే. నంబర్లేసి పెట్టడమే నా ఉద్యోగం కాబట్టి ఒక్క అనుమానం కూడా రాలేదు. గుడ్డ గ్లవ్స్ వేసుకుని, చిన్న కత్తెరతో, ఊపిరి బిగబట్టి ఒక శనివారం పగలంతా కూర్చున్నాను. ఫోన్ పక్క గదిలో పెట్టాను. అది మోగినా లేవలేదు.

ఆయన ఇంకో మాట కూడా అడిగి ఉన్నాడు. మొదట తనే చూడాలి. నువ్వు చూసి నా మొహంలోకి చూస్తే, నీ మొహం చూసి నేను ఊహించేస్తా అన్నాడు. డబ్బా నా బల్ల మీదే ఉంది. ఇరవై ఎనిమిది చట్రాలు పక్కనే ఉన్నాయి. నేను ఒక్కటి కూడా దూర్చలేదు. నా జీవితంలో నేను ఓపిక పట్టిన సందర్భం ఇదొక్కటే కావచ్చు.

బుడగ పూర్తిగా కరిగిపోయిందని డాక్టర్ చెప్పిన వారం, జుమ్మా నమాజు అయ్యాక, ఆయన గదికి వెళ్ళాను. మంచం మీద కూర్చుని ఉన్నాడు. డబ్బా చేతికిచ్చి, డాబా మీద బట్టల స్లైడ్ దూర్చాను. బిస్మిల్లా అని కళ్ళ దగ్గర పెట్టుకుని బటన్ నొక్కాడు.

నేను ఆయన చేతులనే చూస్తున్నాను, చాస్తాడేమో అని. చేతులు డబ్బాని ఇంకా గట్టిగా పట్టుకున్నాయి, అంతే. ఇంకో స్లైడ్ ఇవ్వమన్నాడు. వికెట్లు. ఇంకోటి. వల మనిషి. అప్పుడు డబ్బా దించి ఒళ్ళో పెట్టుకున్నాడు. మొహం పాలిపోయింది.

"పోయిందిలే అబ్బీ" అన్నాడు. "ఆకాశం ముందరికొచ్చి కూసోనుండాది. బట్టలన్నీ గోడకి బొక్కలు పడినట్ల లోపలికి పోయినాయి. మనిషి నీళ్ళ ఎనకాల ఉండాడు. కన్ను తిరగబడిపోయింది నాది."

నాకు పిచ్చి కోపం వచ్చింది. డాక్టర్ని, ఆస్పత్రిని, కంపెనీని, ఎవరు గుర్తొస్తే వాళ్ళని తిట్టాను. ఆయన నన్ను ఆపలేదు. తిట్టడానికి ఇంకెవరూ మిగలకపోయేసరికి డబ్బా లాక్కుని నేనే కళ్ళ దగ్గర పెట్టుకున్నాను.

ఆకాశం ముందుకొచ్చి ఉంది. నీలం దుప్పటిలా, నా మొహం ముందర. చొక్కాలు, తువ్వాళ్ళు ఆ దుప్పట్లో చొక్కా ఆకారంలో, తువ్వాలు ఆకారంలో కత్తిరించిన కంతల్లా లోపలికి దిగిపోయి ఉన్నాయి. దగ్గరిది దూరం పోయింది, దూరంది దగ్గరకొచ్చింది. లోకాన్ని చొక్కా తిప్పినట్టు లోపలి వైపు బయటికి తిప్పేశారు. భయమేసింది. అంత భయంలోనూ కళ్ళు తీయబుద్ధి కాలేదు.

తర్వాత మెల్లగా ఒక సంగతి తట్టింది. నా కళ్ళకి ఏ జబ్బూ లేదు.

"చాచా" అన్నాను. "నాకు గూడ గట్లనే కనిపిస్తున్నది."

ఆయన తల ఎత్తాడు. "నీగ్గూడానా?"

తర్వాత ఆయన చట్రం తీసుకుని, కిటికీ వెలుగుకి పట్టి, మొదటి కిటికీ ఏదని అడిగాడు. ఇదేం ప్రశ్న అనుకుంటూ ఎడమవైపుది ముట్టుకుని చూపించాను. ఆయన తన కుడి చేయి ఎత్తి నా ముందు పెట్టాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయన అన్నం తినడం, చెప్పు వేసుకోవడం, బస్సెక్కడం, గదిలోకి అడుగుపెట్టడం, ఏదైనా కుడితోనే మొదలు. చిన్నప్పుడు కడపలో చదువుకున్న ఉర్దూ పుస్తకం కుడి నుంచే తెరుచుకుంటుంది. ఇన్నేళ్ళుగా తోటలో, రోడ్డు మీద చదివిన ప్రతి బోర్డూ అంతే. మొదటిది అంటే కుడివైపుదని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మొదటిది అంటే ఎడమవైపుదని నాకూ ఎవరూ చెప్పలేదు. కెమెరా లోపల బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి, దాన్ని నిలబెట్టినప్పుడు కుడి కంటి ముక్క రీలులో ముందు వస్తుంది. ఆయన లెక్కలో అది నేరుగా మొదటి కిటికీలోకి, అంటే కుడివైపుకి పోతుంది. నేను ఇరవై ఎనిమిది జతల్లోనూ కుడి కన్ను చూడాల్సింది ఎడమ కంటికి, ఎడమది కుడి కంటికి పెట్టాను. ఒక్కటి కూడా తప్పకుండా, చాలా శ్రద్ధగా.

"నా వల్లనే" అన్నాను. ఇంకేదో కూడా అనబోయాను. ఆయన వినట్లేదు. మళ్ళీ డబ్బా ఎత్తుకున్నాడు. ఆపరేషన్ అయిన కుడి కన్ను మూశాడు.

"ఇప్పుడు ఆకాశం యెనక్కి పోయింది" అన్నాడు. కన్ను తెరిచాడు. "ముందరికొచ్చింది." మూశాడు. "పోయింది." తెరిచాడు. "వచ్చింది."

అప్పటికి గానీ నాకు పూర్తిగా తెలియలేదు. ఒంటి కంటికి ఈ తప్పు తప్పుగా కనబడదు. ఒక కన్నుతో చూస్తే ఇది మామూలు ఫొటో, బట్టలు బట్టల చోట, ఆకాశం ఆకాశం చోట. లోకం తిరగబడిందని తెలియాలంటే రెండు కళ్ళూ కలిసి చూడాలి. నేను సరిగ్గా పెట్టి ఉంటే, బాగుంది, లోతు తెలుస్తోంది అని ఆయన అన్నా అది కన్నో ఆశో ఎప్పటికీ తేలేది కాదు. ఆకాశం ముందుకొస్తుందని మాత్రం ఏ మనసూ ముందుగా ఊహించుకోదు.

ఆయన చాలాసేపు అలా మూస్తూ తెరుస్తూ ఉన్నాడు. గడ్డం తడిసింది. నేను నా పగిలిన ఫోన్ తీసి, ఊరికే తెర మీద వేలు ఆడించాను, అది ఆన్ కూడా చేయకుండా.

ఆ సాయంత్రం దాకా ఇద్దరం కూర్చుని చట్రాలు విప్పి ముక్కలు అటుది ఇటు, ఇటుది అటు మార్చాం. నేను కోసినవి ఆయన మార్చాడు. ఒక్క ముక్క కూడా జారలేదు. బట్టల స్లైడ్ దగ్గరికి వచ్చేసరికి నా చేయి పట్టుకుని ఆపాడు.

"దీన్ని ఇట్లనే ఉండనీ" అన్నాడు. "డాక్టరుకి జూపిచ్చాల."

అన్నట్టే తీసుకెళ్ళాడు కూడా. డాక్టర్ తన పుస్తకంలో ఏవో చుక్కల బొమ్మలు చూపించి పరీక్ష చేశాక, చాచా డబ్బా ఆయన చేతిలో పెట్టాడు. ఆ డాక్టర్, పెద్ద మనిషి, కళ్ళ దగ్గర పెట్టుకుని బటన్ నొక్కి, ఏదో అరబీలో తనలో తాను అనుకుంటూ తలని మెల్లగా పక్కకి వంచాడు. నేను మొదటి రోజు వంచినట్టే. కాగితం రావడానికి ఇంకో నెల పట్టింది, కంపెనీ ముందు చిన్న వ్యానే ఇచ్చింది. అవి తర్వాతి సంగతులు.

ఆ శుక్రవారం అన్నిటికంటే చివర్లో మిగిలిన చట్రం ఆయనకి తెలియనిది. దాని ముక్కలు నేనే మార్చి, ఏం చెప్పకుండా దూర్చి ఇచ్చాను. ముందు బస్సు తలుపు కడ్డీ ఉంటుంది, ఎండకి మెరుస్తూ. దాని వెనక మెట్లు, గేర్ రాడ్. ఇంకా లోపల స్టీరింగ్ చక్రం, దాని మీద రెండు చేతులు, ఆ చేతుల వెనక ఒక మనిషి మొహం, ఆ మొహం వెనక అద్దం, అద్దం అవతల తెల్లటి గోడ. అన్నీ ఎక్కడివి అక్కడ.

ఆయన తనని తాను చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత కుడి చేయి డబ్బా మీంచి తీసి, మెల్లగా ముందుకు చాపాడు. ఆ కడ్డీ దాటి, గేర్ రాడ్ దాటి, చక్రం దాకా.